చెరువు గట్టు మీద వారంటీ

కంప్యూటర్లు ఊళ్ళలోకి అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో మా బావగారు ల్యాప్‌టాప్ కొనడానికి ఏలూరు వచ్చారు. ఆకివీడు దగ్గర ఆయనకు చేపల చెరువులున్నాయి. ఏ లారీలో ఎంత సరుకు ఎక్కించిందీ కలకత్తా వ్యాపారులకు మెయిల్ చేయాలి. పత్రికలో పనిచేసేవాణ్ణి కనుక నాకు కంప్యూటర్లు తెలుసని ఆయన నమ్మకం. నాకు తెలిసింది వార్త టైపు చేసి పంపడం ఒక్కటే. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

అంతకుముందు కొన్న కంప్యూటర్ చెరువు గట్టు మీది షెడ్డులో ఒక్క వానాకాలం కూడా దాటలేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా బాగుచేసేవాడు గట్టు దాకా రాలేదు. ఈసారి ఆయన పంతమల్లా ఒక్కటే. చెడితే మనిషి అక్కడికి రావాలి.

షాపాయన ప్రాసెసర్ దగ్గర మొదలుపెట్టి హార్డ్ డిస్క్ దాకా ఏకరువు పెట్టాడు. బావగారు అంతా ఓపిగ్గా విని, ల్యాప్‌టాప్‌ను పక్కకు తిప్పి, చేప మొప్పలు చూసినట్టు సందుల్లోకి తొంగిచూశారు.

"ఈ కన్నాలెందుకండీ?"

"గాలాడ్డానికండీ. లోపల వేడెక్కకుండా."

"గాలితోపాటు మా గట్టు మీద చెమ్మా దూరుద్ది. అప్పుడో?"

"చెమ్మకి వారంటీ రాదండీ."

"మాది జనరేటర్ కరెంటు. ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ."

"దానిక్కూడా రాదండీ."

"బ్యాటరీ?"

"ఏడాదేనండీ. మిషనుకి మూడేళ్ళు."

"అంటే దానంతటది జబ్బుచేసి చస్తేనే మీ పూచీ. అంతేగా?"

షాపాయన సాయం కోసం నా వైపు చూశాడు. నేను కీబోర్డు పరిశీలనలో మునిగిపోయాను.

"మరి మనిషొస్తాడా?"

"మీరెక్కడున్నా వస్తాడండీ. కాగితం మీద రాసే ఉంది."

"అయితే ఓసారి రప్పించండి. చూసి కొంటాను."

"ఏమీ చెడకుండానేనాండీ?"

చేపపిల్లను కొనేటప్పుడు బావగారికి ఓ పద్ధతి ఉంది. తెచ్చిన పిల్లను నేరుగా చెరువులో వదలరు. నీళ్ళలో వల కట్టి, అందులో ఒక రోజు ఉంచుతారు. అమ్మినవాడి మనిషి గట్టు మీదే కూర్చుంటాడు. చచ్చిన పిల్లకు బదులు పిల్లను ఇచ్చాకే బేరం తెగినట్టు. ల్యాప్‌టాప్‌కూ అదే పద్ధతి అన్నారు. షాపాయన నవ్వాడు. బావగారు నవ్వకుండా చెప్పులు తొడుక్కోవడం చూసి ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆ షాపు మెకానిక్, నడివయసు మనిషి, ల్యాప్‌టాప్‌ను నెత్తిన పెట్టుకుని గట్టుకు చేర్చే దోనె ఎక్కాడు. సాయంత్రం దాకా షెడ్డులో కూర్చుని గంటకోసారి ఆన్ చేసి చూపించాడు. మధ్యాహ్నం కొరమీను పులుసుతో మూడుసార్లు అన్నం కలుపుకున్నాడు. వెళ్ళబోయే ముందు దోనె ఎక్కడ ఎక్కాలో కూడా వారంటీ కార్డు మీద అతని చేతే రాయించి, బావగారు బేరం ఖాయం చేశారు.

ఆ మిషను మూడేళ్ళూ తుమ్మలేదు, దగ్గలేదు. మెకానిక్ మాత్రం ఎవరో కబురు చేసినట్టు, అమ్మకానికి వల లాగి చెరువు పట్టిన ప్రతిసారీ దిగేవాడు.

"ఊరికే ఓసారి చెకింగండీ" అని మూత ఎత్తి దించేవాడు. భోజనం చేసి, రెండు చేపలతో దోనె ఎక్కేవాడు.

"అన్నీ అడిగాం గానీ బామ్మర్దీ, పిలవకుండా వస్తే ఏం చెయ్యాలో అడగలేదయ్యా" అన్నారు బావగారు, అతనికి మూడో చేప ఏరుతూ.