గీకితే అరుగుతాది
మా నాయన బేతంచెర్లలో బండల పాలిష్ పని చేసేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లలో నిలబడి, మిషన్ కింద నాపరాయిని అరగదీయడమే పని. అందుకే రాపిడి తగిలిందంటే ఏదైనా అరిగిపోతుందని ఆయన గట్టి నమ్మకం. రాయి అరగడం రోజూ చూసేవాడు. ఆయన వేళ్లు కూడా అరిగిపోయాయి. రేషన్ అంగట్లో ఏ వేలు పెట్టినా మిషన్ ఆయన్ని గుర్తుపట్టేది కాదు. తన వేలే తనకు సాక్ష్యం చెప్పదని నవ్వేవాడు.

అందరితో పాటు మా ఇంట్లోనూ బ్యాంకు ఖాతాలు తెరిచారు. నాయనకొక కార్డు, అమ్మకొక కార్డు ఇచ్చారు. ఇచ్చేటప్పుడు కౌంటర్లో ఉన్నాయన "అప్పుడప్పుడూ గీకుతా ఉండండప్పా" అన్నాడట. ఎందుకో చెప్పలేదు. నాయన ఇంటికి వచ్చి కార్డును ప్లాస్టిక్ కవరుతో సహా బైబిల్లో పెట్టాడు.

"గీకితే అరుగుతాది. అరిగినాక మల్లా ఎవురిస్తారు?" అన్నాడు.

దుడ్లు కావాలంటే బ్యాంకుకు పోయి, స్లిప్పు మీద సంతకం పెట్టి తెచ్చుకునేవాడు. కార్డు జోలికి పోలేదు. ఇప్పుడు కార్డును ఎవరూ గీకరు. మిషన్ చీలికలో పెట్టి తీస్తారు, అంతే. కానీ జనం నోట్లో ఆ మాట అలాగే ఉండిపోయింది. ఆ పెద్దమనిషి "గీకండి" అనకుండా "పెట్టి తీయండి" అని ఉంటే నాయన భయపడేవాడు కాదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఒక్క మాట మా కొంప ముంచింది.

పని నుంచి వస్తుంటే నంద్యాల దారిలో లారీ గుద్ది నాయన అక్కడికక్కడే పోయాడు. సమాధి కార్యక్రమం అయ్యాక, ఆ కార్డు మీద ప్రమాద బీమా ఉంటుందని చర్చిలో ఎవరో చెప్పారు. నేనూ అమ్మా నంద్యాల బ్యాంకుకు పోయాం. అక్కడి ఆఫీసరు చెడ్డవాడేం కాదు. కూర్చోమని, తాగడానికి నీళ్లు ఇప్పించాడు. తర్వాత "ఈ మధ్య కార్డు వాడినాడామ్మా?" అని అడిగాడు.

అమ్మ కొంగుముడి విప్పి కార్డు ఆయన ముందు పెట్టింది. "ఒగసారి గుడక వాడల్యా సార్. సూడండి, ఇచ్చింది ఇచ్చినట్టే ఉండాది" అంది. ఆ మాటలో గర్వం ఉంది. మొగుడు ఎంత జాగ్రత్తపరుడో సర్కారు వాళ్లు కూడా చూడాలని ఆమె ఆశ.

ప్రమాదానికి ముందు ఫలానా గడువులోపల, అంగట్లోనో ఏటీఎంలోనో, ఆ కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలట. వాడకపోతే బీమా లేదట. ఇక ఈ కార్డుతో పని లేదని ఆయన కత్తెర తీసి రెండు ముక్కలు చేశాడు. గీత కూడా పడని కార్డు అది. నాకు ఒళ్లు మండిపోయింది. పారేసుకున్నవాడిని శిక్షించడం విన్నాను గానీ, దాచుకున్నవాడిని శిక్షించడం అక్కడే చూశాను. అమ్మ మాత్రం ఆ ముక్కలను ఏరుకుని మళ్లీ కొంగున కట్టుకుంది.

నేను ఆళ్లగడ్డలో ప్రైవేటు బళ్లో పాఠాలు చెబుతాను. అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. చెల్లెలి నర్సింగ్ చదువు నా ఒక్క జీతంతో సాగదని అమ్మ మిరపకాయల కోతకు పోవడం మొదలుపెట్టింది. కూలి ఆడవాళ్లను కుక్కి కుక్కి ఎక్కించుకునే ఆటోలో పోయేది. అమ్మ వెనక అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చునేది. నాయన బీమా వచ్చి ఉంటే ఆమె ఆ ఆటో ఎక్కాల్సిన పనే లేదు. ఇప్పుడు ఆమెకు ఏమైనా అయితే మళ్లీ అదే ఆఫీసరు, అదే కత్తెర.

అందుకే అమ్మ కార్డు గీకించాలని పట్టుబట్టాను. ఖాతాలో వంద కూడా లేదు. ఏటీఎం అంతకన్నా తక్కువ ఇవ్వదు. చిన్న వస్తువేదైనా కొనాలి. ముందు నేనే అంగళ్లన్నీ తిరిగి విచారించాను. కిరాణా అంగడాయన "సబ్బుకు కార్డేందక్కా, ఫోన్‌తో కొట్టు" అన్నాడు. ఫోన్‌తో కొడితే కార్డు వాడినట్టు కాదని చెబితే వింతగా చూశాడు. బట్టల కొట్టులో మిషన్ ఉంది, పనిచేయదు. పెట్రోలు బంకులో కుర్రాడు "బండి యాడక్కా?" అని పళ్లికిలించాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఇంకా మండిపడింది.

"నేనెప్పుడు సస్తానా అని కార్డు పట్టుకోని తిరుగుతాండావా మ్మే?"

ఆమె అన్నది నిజమే. కన్నతల్లి చావుకు ముందుగానే ఏర్పాట్లు చేస్తున్నాను. ఆ రాత్రి ఇద్దరం అన్నం ముట్టలేదు.

తర్వాత ఒకరోజు కోత నుంచి వస్తూ ఆ ఆటో కాలువ పక్కన బోల్తా కొట్టింది. ఎవరి ప్రాణాలూ పోలేదు. అమ్మ మోచేయి దోక్కుపోయి, చీరంతా బురదతో ఇంటికొచ్చింది. కాళ్లు కూడా కడుక్కోలేదు. "నీ చెల్లెలి సదువు నిలబడాల. పద, యాడ గీకాల్నో గీకుదాం" అంది.

దగ్గర్లోని మందుల షాపుకు పోయాం. దెబ్బకు మలాము అడిగాం. కార్డు చూసి షాపాయన "నూరుకు తక్కువైతే గీకనమ్మా" అన్నాడు. నేను గొంతు పెంచబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మా ఇంటాయన గీకకుండా పోయినాడప్పా. నేను గీకి పోతా" అంది.

ఆయనకు ఏం అర్థమైందో తెలియదు. రక్తం కారుతున్న మోచేతి వంక చూసి, మిషన్ తీసి ముందుకు జరిపాడు. అమ్మ నంబరు ఒక్కొక్కటే నొక్కింది. చీటీ వచ్చింది. నేను దాన్ని పర్సులో పెట్టుకుంటుంటే అమ్మ చీటీ వైపు గానీ, మలాము వైపు గానీ చూడలేదు. కార్డును కొంగుతో తుడిచి, లైటు కిందికి పట్టుకుని, బొటనవేలితో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తడిమింది. తిప్పి, వెనక వైపూ తడిమింది.

"యాడా అరగల్యా గదమ్మే" అంది.