ఏరువాక నాడు కడిగిన ట్రాక్టరు

మొన్న ఎల్లారెడ్డి తొవ్వలో మా ఆటో ఆగిపోయింది. నడిపే ఆయన దిగి, ప్లగ్గు విప్పి, గుడ్డపేలికను పెట్రోలులో ముంచి తుడుస్తుంటే ఆ వాసన గుప్పున వచ్చింది. ఒళ్లో గుడికి తీసుకుపోతున్న కొబ్బరికాయ, నోట్లో దేవుని పేరు, అయినా మనసు నన్ను అడగకుండానే డెబ్బై ఏండ్లు వెనక్కి నడిచి, మా వాకిట్లో మొండికేసిన ఇనుప ట్రాక్టరు ముందు నిలబడింది.

నిజాం రాజ్యం రోజులవి. మా ఊరు ఎల్లారెడ్డికీ కామారెడ్డికీ నడుమ. ఆడపిల్లను బడికి పంపే వాడుక లేదు గనుక నాకు పలక మీద అక్షరాలు దిద్దించింది బాపమ్మే, మేము బాపు అని పిలిచే మా నాయన తల్లి. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆమె పెట్టిన భిక్షే. మిరుగు, అంటే మృగశిర కార్తె వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ ఇంగువా బెల్లమూ కలిపి ఉండలు చేసి నోట్లో పెట్టేది. ఆ ఘాటుకు కండ్లలో నీళ్లు తిరుగుతుండగానే మేము పంచలో కూచొని అచ్చనగండ్లు ఆడుతూ, మబ్బు ఏ దిక్కున లేస్తుందో పెద్దవాండ్ల మొఖాలు చూసి తెలుసుకునేవాళ్లం. ఏరువాక పున్నమి నాడు ఎడ్లను కొమ్ము నుంచి గిట్ట దాకా కడిగి, చెవులు తుడిచి, కొమ్ములకు జాజు పూసి, భక్ష్యాలు తినిపించేవాళ్లు.

నాకు తొమ్మిదేండ్లప్పుడు మా కొట్టంలో ఎడ్లు లేవు. బాపు మూడు జతలనూ పిట్లం అంగట్లో అమ్మి, చెరకు తోటల దొర ఒకాయన కొత్తది కొనుక్కొని వదిలేసిన పాత ట్రాక్టరును తెచ్చాడు. దాని చక్రాలు ఇనుపవి, రంపానికున్నట్టు పండ్లతో ఉండేవి. ముందర హ్యాండిలు పెట్టి తిప్పితే పెట్రోలుతో లేచి, వేడెక్కాక దీపాలకు పోసే గ్యాసునూనెతో నడిచేది. అది లేచిన రోజు బాపు మీసం మీద చెయ్యి పడేది.

ఆ యేడు ఏరువాక నాడు బాపమ్మ ఇత్తడి చెంబులో పసుపునీళ్లు కలిపి నా చేతికిచ్చింది.

"ఎడ్లు లేకుంటె ఏంది బిడ్డా, మన్ను దున్నేదేదైనా ఎద్దే. జర నీళ్లు చల్లి బొట్టు వెట్టు."

ఆమె భక్ష్యాలు చేయడానికి లోపలికి పోయింది. ఊరికే చల్లి వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. చక్రాలన్నీ కడిగాను. పక్కన చిన్న రేకు మూత ఉన్న డబ్బా ఒకటి, మట్టీ నూనే పట్టి, కడగని ఎద్దు చెవిలాగే కనిపించింది. మూత ఊడదీసి, ఎద్దుకు చేసినట్టే లోపలంతా తుడిచి, చెంబులో మిగిలిన పసుపునీళ్లన్నీ భక్తిగా పోసి, మూత పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకున్నాను.

మరునాడు వాన పడింది. భూమి తాగినంత పడింది. నల్లరేగడిలో ఆ పదును నాలుగు రోజులకు మించి ఆగదు. ఆ నాలుగు రోజుల్లో దున్ని విత్తనం పెడితే యేడాది తిండి, లేకుంటే లేదు. తెల్లారి జీతగాడు లస్మన్న హ్యాండిలు తిప్పాడు. ట్రాక్టరు దగ్గనైనా లేదు. బాపు తిప్పాడు. ఇద్దరూ మార్చి మార్చి తిప్పారు, అరచేతులు బొబ్బలెక్కాయి.

"మేత వెట్టినా లేవది, కొట్టినా లేవది. తోక గిట్ల ఉంటె మెలేద్దుము పటేలా," అన్నాడు లస్మన్న. బాపు నవ్వలేదు.

ప్లగ్గులు చల్లబడ్డాయేమోనని విప్పి మా పొయ్యిలో నిప్పుల మీద కాల్చారు. కందగడ్డలు కాల్చుకునే ఆ పొయ్యిలోంచి వాటిని పట్టకారుతో పట్టుకొని, చల్లారకముందే అందించాలని నేనే వాకిట్లోకి ఉరికేదాన్ని. ఉరుకుతున్నంత సేపూ దేవుణ్ణి మొక్కేదాన్ని. పూజలో ఏదో తక్కువ చేశాననుకొని, దీపం పెట్టలేదని, పూలు మరిచానని, గుర్తొచ్చిన తప్పులన్నీ ఒప్పుకున్నాను. మూడో రోజు పక్క చేను పోశన్న జాలిపడి అట్లయినా లేస్తుందేమోనని ట్రాక్టరుకు తన ఎడ్ల జతను కట్టి గుంజించాడు.

"ఎడ్లనమ్మి దీన్ని తెస్తివి. ఇప్పుడు దీన్ని గుంజెతందుకు మల్ల ఎడ్లే గావాల్నా పటేలా?" అన్నాడు.

నాలుగడుగులు కదిలి, ఇనుప చక్రాలు బురదలో దిగబడ్డాయి. తన చేను ఆరిపోతున్నదని పోశన్న ఎడ్లను విప్పుకొని పోయాడు. ఆయన తప్పు లేదు. ఊళ్లో అందరి నేలా ఆరుతూనే ఉంది, ఎవరి నాగలీ ఖాళీగా లేదు.

నాలుగో రోజు కామారెడ్డి నుంచి మిస్త్రీ వచ్చాడు. వచ్చీ రాగానే ఆ రేకు మూత తీసి, డబ్బాను విప్పి వంచాడు. అరచేతిలోకి నీళ్లు జారాయి. పచ్చటి నీళ్లు.

"పటేలా, ఇది మాగ్నెట్టు. నిప్పురవ్వ ఈడనే పుడ్తది. పుట్టే కాడ పసుపునీళ్లు వోస్తె నిప్పేడ ఉంటది?"

నోరు తెరిచాను, మాట రాలేదు.

"నేనే కడిగిన," అంది బాపమ్మ గడప మీంచి.

బాపు తల్లిని ఎన్నడూ ఎదురు మాట అనని మనిషి. "నీకెవ్వలు జెప్పిన్రే అవ్వా! నోటికాడి కూడు నీళ్లపాలు జేస్తివి గదనే!" అని అరిచి, తువ్వాల భుజాన వేసుకొని బయటికి పోయాడు.

ఎండ ఒక్కటే చాలదన్నాడు మిస్త్రీ. మాగ్నెట్టును గుడ్డలో చుట్టి పొయ్యి పైన వేలాడదీసి రెండు రోజులు ఆరబెట్టారు. ఆరో రోజు ట్రాక్టరు లేచింది, ఊరంతా అదిరేలా లేచింది. అప్పటికి చేను బీటలిచ్చింది. నాగలి కింద లేచినవి గడ్డలే. వాటి మధ్య జొన్నలు చల్లి ఆకాశం చూశాం. వాన మళ్లీ వచ్చేసరికి ఆ విత్తనాలు చీమల పాలయ్యాయి.

నేను బాపమ్మ కొంగు పట్టుకొని, బాపుకు నిజం చెప్తానని ఏడ్చాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు జెప్తె చేను తడుస్తదా బిడ్డా? ఊకో."

బాపు ఆమెతో దసరా దాకా మాట్లాడలేదు. ఆ నెలలన్నీ ఆమె పంచలో ఒక్కతే కూచొని తిన్నది. దసరా నాడు బాపు జమ్మి ఆకు తెచ్చి ఆమె చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. "తిందువు రా కొడుకా," అందామె. నేను తలుపు చాటున నిలబడి, ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. చెప్పలేదు. చలికాలం పంట యాసంగి రాకముందే ట్రాక్టరు అమ్ముడుపోయి కొట్టంలోకి ఎడ్లు వచ్చాయి. పెండ్లయ్యాక అత్తగారింటి నుంచి వెళ్లిన ప్రతిసారీ బాపుకు చెప్దామనుకునే పోయేదాన్ని, మళ్లీ అట్లాగే తిరిగొచ్చేదాన్ని. ఒకసారి నేను పోయేసరికి బాపు లేడు.

ఇప్పుడు మా ఊరిలో తాళంచెవి తిప్పితే ట్రాక్టర్లు లేస్తున్నాయి. ఎడ్ల కొట్టాలు లేవు, పంచలు లేవు, మిరుగు నాటి ఇంగువ ఉండ ఎవరికీ తెలియదు. పూట గడిపి, పిల్లాజెల్లను చల్లగా చూస్తున్న దేవునికి పొద్దున్నే దండం పెడతాను. ఆ వెంటనే బాపమ్మ పేరు చెప్పి ఇంకోటి పెడతాను. బాపు పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇప్పటికీ నోరు తెరుస్తాను, మాట రాదు.