కడప అక్క నేర్పిన నడక

ఇరాక్ సైన్యం కువైత్‌ను ఆక్రమించిన రోజుల్లో, అక్కడ మేముండే ఫింటాస్‌లో రొట్టెల దుకాణానికి నేను నడిచిన నడక నాది కాదు, ఒక ఫ్రెంచి సినిమా తారది. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నేర్పింది మా కింది ఇంట్లో పనిచేసే కడప అక్క. అక్క ‘మామా’ అని పిలిచే ఆ ఇంటి యజమానురాలికి ఆ తారంటే పిచ్చి. అక్క ఇస్త్రీ చేస్తూ ఆ తార సినిమాల వీడియో క్యాసెట్లన్నీ చూసింది. భాష తెలియదు కాబట్టి, సినిమాలన్నీ కలిపి ఆ తార జీవితచరిత్రగా నాకు చెప్పేది. అందులో ఆమె రాణి, దొంగ, సన్యాసిని. మధ్యమధ్య చచ్చిపోయేది కూడా.

ఒకరోజు ఇంట్లో తిండి అయిపోయింది. నాన్నకు జ్వరం, అమ్మ ఆయన్ను వదిలి కదల్లేదు. వీధి మలుపులో సైనికులున్నారు. నేను మెట్ల మీదే ఆగిపోయాను. అక్క తలగుడ్డ సర్దుకుని, గడ్డం కాస్త ఎత్తి, నాలుగడుగులు నడిచి చూపించింది.

“ఇట్ల పోమ్మీ. ఆ తుపాకులోళ్లు సినిమాలో ఎనకాల నిలబడే గుంపనుకో. ఆయమ్మ గుంపును ఎప్పుడన్నా చూస్తాదా?”

అలాగే నడిచాను. ఒక సైనికుడు పక్కకు తప్పుకుని దారి కూడా ఇచ్చాడు. వేడి రొట్టెలతో వచ్చేదాకా నేనే తారనని నమ్మాను.

తర్వాత మేం ఇండియాకు తిరిగి రావడానికి జోర్డాన్ వైపు వెళ్లే బస్సెక్కాం. ముసలి మామాను వదిలి రానంది అక్క.

“నీకేమన్నా అయితే ఎట్లా అక్కా?” అన్నాను.

కిటికీలోంచి చెయ్యి పెట్టి నా గడ్డం పైకెత్తింది.

“ఏడ్సాకమ్మీ. ఆయమ్మ ఎన్నితూర్లు సచ్చిందో. క్యాసెట్టు మారిస్తే మళ్లా కొత్త గౌనేసుకోని రాలేదా?”