బొమ్మ రాని కంప్యూటర్

నా బల్ల కింద ఒక పాత కంప్యూటర్ ఉంది. దాన్ని మించినది పక్కనే కొని పెట్టుకున్నాక కూడా దాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వనివ్వను. మా బావ అప్పుడప్పుడు దాని మీద కన్నేస్తాడు, నేను బావ మీద కన్నెర్ర చేస్తాను, సంగతి అక్కడితో ఆగిపోతుంది. బావ అంటే నా భర్తే, అమ్మకి సొంత మేనల్లుడు. చిన్నప్పట్నుంచీ బావా అని పిలిచిన నోరు పెళ్ళయ్యాక ఏవండీ అనడానికి తిరగలేదు.

ఆ కంప్యూటర్ కొన్నది అమ్మ మాతో ఉన్న రోజుల్లో. ఇప్పుడు అమ్మ లేదు. నాన్న పోయాక స్టీలు ప్లాంటు క్వార్టర్ అప్పజెప్పేసి, దువ్వాడలో మా ఇంటికి వచ్చేసింది. బావకి పోర్టులో షిఫ్టు డ్యూటీ. నేను ఇంట్లోనే కూర్చుని పెళ్ళి వీడియోలు కత్తిరించి, పాటలు అతికించి, స్టూడియోల వాళ్ళకి ఇచ్చేదాన్ని. నేను చూసినన్ని పెళ్ళిళ్ళు పురోహితుడు కూడా చూసి ఉండడు. పురోహితుడికి దక్షిణైనా చేతికి వెంటనే వస్తుంది, నాకు అదీ లేదు.

క్వార్టర్లలో ఉన్నప్పుడు అమ్మ హస్తవాసికి పెద్ద పేరు. ఎవరింటికి సైకిలొచ్చినా, స్కూటరొచ్చినా, మిక్సీ వచ్చినా ముందు మా గుమ్మం దగ్గర ఆగేది. అమ్మ తడిచేత్తో పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, "ఎల్లండి, ఇంక దీనికి ఢోకా నేదు" అనేది. ఒకసారి పక్క వీధిలో ఒకాయన అమ్మని అడక్కుండా కొత్త స్కూటర్ తీశాడు. అది మొదటి మలుపులోనే ఆగిపోయింది. దాన్ని తోసుకుంటూ మా ఇంటి ముందుకు తెచ్చి నిలబెట్టాడు. అమ్మ బొట్టు పెట్టింది, అతను కిక్కు కొట్టాడు, అది స్టార్టయింది. పెట్రోలు పైపు దగ్గర ఏదో అడ్డుపడి ఉంటుంది, తోసుకొచ్చిన కుదుపుకి పోయి ఉంటుంది. అలాగని ఆ కాలనీలో ఎవరితోనైనా అంటే నన్ను తన్నేవారు.

నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటులో ఉద్యోగానికొచ్చి, తగరపువలస పిల్లని చేసుకున్నాడు. మిల్లులో క్రేన్ నడిపేవాడు. విశ్వకర్మ పూజ రోజున ఇంటివాళ్ళని లోపలికి రానిచ్చేవారు. గ్రీజు వాసనా, పులిహోర వాసనా కలిసిపోయిన ఆ రోజు నాకు పండగల్లోకెల్లా పెద్ద పండగ. అంత ఎత్తు ఎక్కలేక అమ్మ క్రేన్ నిచ్చెన మొదటి మెట్టుకే బొట్టు పెట్టేది. నాన్న పక్కవాళ్ళతో, "మా ఆవిడ చెయ్యి పడిందంటే ఏడాదంతా మొరాయించదండీ" అనేవాడు. అమ్మ సిగ్గుపడుతూనే అదే మెట్టుకి ఇంకో బొట్టు పెట్టేది. ఆ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండిపోతుంది.

నాన్న పోయాక అమ్మ కుంకుమ భరిణె ముట్టలేదు. మా ఇంటికి కొత్త ఫ్రిజ్ వస్తే, నేను ఎంత చెప్పినా వినకుండా, ఎదురింటావిడని పిలిచి బొట్టు పెట్టించింది. తను వంటింట్లోకి వెళ్ళి, సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దుకుంటూ కూర్చుంది. "నా సెయ్యి ఇంక మంచిది కాదే" అంది. ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా అంది. నా వీడియోల్లో అలాంటి ఆడవాళ్ళు రోజూ కనపడతారు. అక్షింతల వేళకి అందరూ ముందుకొస్తారు, పిల్ల అమ్మమ్మో మేనత్తో వెనక కుర్చీ దగ్గరే ఆగిపోతుంది. వాళ్ళని చూసి జాలిపడి నా పని నేను చేసుకునేదాన్ని. మా అమ్మ అలా అయ్యేసరికి ఒళ్ళు మండింది, అరిచాను కూడా. అరిస్తే పోయే నమ్మకమా అది.

సరిగ్గా మాఘమాసం పెళ్ళిళ్ళు మీద పడతాయనగా, అప్పట్లో నేను పని చేసుకునే కంప్యూటర్ చేతులెత్తేసింది. కొత్తదానికి విడిభాగాలు కొన్నాం. షాపతను బిగించి ఇస్తానన్నాడు. నాకు పంతం పాలు ఎక్కువ. వీడియోల్లో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చూపిస్తున్నారు, మనకేం చేతకాదా అని అట్టపెట్టెలన్నీ బావ చేత ఇంటికి మోయించాను. పొద్దున్నే అన్నీ విప్పి హాల్లో బల్ల మీద పరుచుకుని మురిసిపోయాను. తీరా చూస్తే ప్రాసెసర్ మీద రాసే పేస్టు తేలేదు. ఇద్దరం బండి మీద మద్దిలపాలెం వెళ్ళి తెచ్చాం. అంతసేపూ అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది.

నేను చదివి చెప్పడం, బావ బిగించడం. బావకి దగ్గర చూపు తగ్గింది, కళ్ళజోడు పెట్టుకోడానికి నామోషీ. ప్రతి ముక్కనీ చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, తల వెనక్కి వాల్చి చూసి బిగించాడు. మధ్యాహ్నానికి పని అయింది. స్విచ్ నొక్కాం. ఫ్యాన్లు తిరిగాయి, లోపల రంగురంగుల లైట్లు వెలిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. కాసేపటికి సిగ్నల్ లేదని దాని మీద ఓ ముక్క వచ్చి, అదీ పోయింది.

"బొమ్మ వచ్చిందేటే?" అని అమ్మ వంటింట్లోంచి అడిగింది.

"ఇంకా రానేదు."

తెర వైరు ఊడదీసి మళ్ళీ పెట్టాం. తెరదే తప్పేమోనని దాని బదులు టీవీ తగిలించాం. టీవీ కూడా నల్లగానే ఉంది. బొమ్మని తెరకి పంపే కార్డు తీసి, గట్టిగా నొక్కి పెట్టాం. ప్రాసెసర్‌కి కరెంటిచ్చే వైరు చూశాం. ప్రతిసారీ స్విచ్ వేయడం, ఫ్యాన్లు జోరుగా తిరగడం, మేం నోరు తెరుచుకుని నల్ల తెర చూడడం. నేను బావని తిట్టాను, బావ షాపతన్ని తిట్టాడు. అమ్మ ప్రతిసారీ గుమ్మం దాకా వచ్చి, "వచ్చిందేటే?" అనేది. కొంతసేపటికి అడగడం మానేసింది.

అన్నానికి పిలిస్తే రాలేదు. గదిలోకి వెళ్ళి చూస్తే చీరలు మడిచి సంచిలో పెట్టుకుంటోంది.

"ఎక్కడికమ్మా?"

"తగరపువలస. మీ మావయ్యింటికి ఎల్తాను. నానెల్లిపోతే అదే వస్తాది."

"కంప్యూటర్‌కీ నీకూ ఏటమ్మా సంబంధం?" అని కసిరాను. స్టూడియోల వాళ్ళు ఒకపక్క ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, ఈవిడ ఇంకోపక్క. అమ్మ ఇంకో చీర తీసి మడిచింది.

దీపాలు పెట్టే వేళయింది. చూడనిది ఇంక ర్యాం ఒక్కటే. అదొక సన్నటి పలక. కంప్యూటర్ పని చేస్తున్నంతసేపూ గుర్తుంచుకోవలసినవన్నీ అందులో ఉంటాయి. దాని అంచున బంగారు రంగు పళ్ళు వరసగా ఉంటాయి, అవి బోర్డు గాడిలో సరిగ్గా ఆనితేనే బొమ్మ వస్తుంది. మేం కొన్నది ఒకటే. బావ దాన్ని ఊడదీసి నా చేతికిచ్చాడు. పళ్ళ మీద ఏదో ఎండి అట్టకట్టి ఉంది. పచ్చగా, మధ్యలో ఎర్రగా.

"ఇదేటి, సముద్రం గాలికి కొత్తదానికే తుప్పట్టీసిందేటి?" అన్నాడు బావ.

వాసన చూశాను. పసుపు.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మేం మద్దిలపాలెం వెళ్ళినప్పుడు అమ్మ భరిణె తీసింది. అన్నింట్లోకీ చిన్న ముక్కని ఎంచుకుని, ఎవరికీ కనపడకుండా లోపలికెళ్ళిపోయే వైపు చూసుకుని, బంగారు రంగు ఉంది కదా అదే మంచి చోటనుకుని బొట్టు పెట్టింది. కూతురి బతుకుదెరువు వస్తువు ఇంటికొస్తే ఆ చెయ్యి ఊరుకోలేకపోయింది. పెట్టింది, బొమ్మ రాలేదు. చీరలు సంచిలోకి ఎందుకెళ్తున్నాయో అప్పుడు తెలిసింది.

బావ గొంతు తగ్గించి, "అత్తకి సెప్పకు. వైరు లూజయిందని సెప్పీద్దాం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ వైరు లూజయిందంటే అది కూడా తన చేతి వల్లే అయిందనుకుంటుంది. మా అమ్మ నాకు తెలియదా.

పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు చేతిలోకి తీసుకున్నాను, చెరపడానికి చెయ్యి రాలేదు. నాన్న పోయిన పదో రోజున ఆడవాళ్ళు చుట్టూ చేరి అమ్మ నుదుటి మీద బొట్టు తుడిచేస్తుంటే పక్కనే ఉన్నాను. ఇన్నాళ్ళకి ధైర్యం చేసి ఆవిడ పెట్టిన ఒక్క బొట్టునీ ఇప్పుడు నేను తుడవాలి. ఏడుపు ఆగలేదు. బావ రబ్బరు తీసుకుని పళ్ళన్నీ మెల్లగా రుద్ది, స్పిరిట్ గుడ్డతో తుడిచి, గాడిని బ్రష్షుతో ఊడ్చి, ర్యాం బిగించాడు. స్విచ్ వేశాడు. తెర వెలిగింది.

"అత్తా, బొమ్మొచ్చింది, రా."

అమ్మ సంచి చేత్తో పట్టుకునే వచ్చింది. తెరని చూసింది, బల్ల మీద పచ్చగా మరకపడ్డ గుడ్డని చూసింది. మొహంలో సంతోషం లేదు.

"తుడిసీసినాక వచ్చింది గదా" అంది.

"నీ సెయ్యి కాదమ్మా, పెట్టిన సోటు. ఆ సోట ఎవులు పెట్టినా ఇంతే."

"నాకు మాటలు సెప్పకు" అంది అమ్మ.

నాకు పంతం వచ్చింది. కంప్యూటర్ ఆపేసి, దేవుడి గూట్లోంచి భరిణె తెచ్చాను. ర్యాం ఊడదీసి, అమ్మ కళ్ళ ముందే అదే చోట పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఫ్యాన్ కింద ఆరబెట్టాను. "కొత్తదే, కాలిపోతాదే" అని బావ గుండె పట్టుకున్నాడు. వినలేదు. బిగించి స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, తెర నల్లగా ఉంది.

"సూడు. ఇది నా సెయ్యి. నా మొగుడు ఇదిగో, పక్కనే గుండె పట్టుకుని నిలబడ్డాడు. మరి నాకెందుకు రానేదు?"

అమ్మ సంచి కింద పెట్టింది. నల్ల తెరకి దగ్గరగా వచ్చి చూసింది, నన్ను చూసింది. "తుడువు" అంది. తుడిచి పెట్టాం, బొమ్మ వచ్చింది. అమ్మ అంతటితో వదల్లేదు. "ఈపాలి అల్లుడి సేత పెట్టించు" అంది. బావ దేవుళ్ళందరినీ తలుచుకుంటూ పెట్టాడు. రాలేదు. తుడిచాం, వచ్చింది. వైజాగ్‌లో ఏ కంప్యూటరూ పుట్టినరోజునే అన్ని బాధలు పడి ఉండదు.

అప్పుడు భరిణె అమ్మ ముందు పెట్టాను. ఆవిడ చాలాసేపు దాన్ని ముట్టలేదు. తర్వాత వేలు తడిచేసుకుని, కంప్యూటర్ పెట్టె పైన రేకు మీద పసుపు రాసి, కుంకుమ పెట్టింది. బొట్టు కొంచెం వంకరగా పడింది. తెర వైపు చూడడానికి భయపడి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి బొమ్మ అలాగే ఉంది.

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కుర్చీలో కూర్చుని, ఎర్రబడ్డ తన వేలిని తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత గొంతు పెంచకుండా నన్ను అడిగింది.

"మరయితే ఇన్నాళ్ళబట్టీ నానెందుకే దాక్కున్నాను?"

బావ చీరల సంచి తీసుకెళ్ళి గదిలో పెట్టాడు. నేను వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను.