గొల్లభామ పిల్లల ఏకాదశి

ద్వాదశి ఉదయం ఆరున్నరకి డబ్బా మూత తీస్తే, పద్నాలుగు గొల్లభామ పిల్లలు ఉండాల్సిన చోట ఆరు ఉన్నాయి. పత్రికలో డెస్కు మీద ముప్ఫై ఏళ్లు పనిచేసిన అలవాటు కొద్దీ రెండోసారి లెక్కపెట్టాను. ఆరే. అడుగున పరిచిన కాగితం మీద దారప్పోగుల్లాంటి కాళ్లు, నువ్వుగింజలంతేసి తలకాయలు మూడు పడి ఉన్నాయి. మిగిలిన ఆరూ పొట్టలు ఉబ్బించుకుని, మూతకి తలకిందులుగా వేలాడుతూ తీరిగ్గా ముందుకాళ్లు నాక్కుంటున్నాయి.

మా అత్తగారు తులసికోట దగ్గర్నుంచి వచ్చారు. "ఏమయినాయి అల్లుడుగారూ?"

"తినేశాయండీ."

"ఏం తింటాయి? ఏం పెట్టలేదుగా."

"అందుకేనండీ. ఒకదాన్నొకటి తిన్నాయి."

ఆవిడ చేతిలో తీర్థం గ్లాసు ఉంది. దాన్ని గట్టు మీద పెట్టేసి కుర్చీలో కూర్చున్నారు. తొమ్మిదింబావు లోపల ఆవిడ ఉపవాసం విడవాలి. లేకపోతే చేసిన ఏకాదశి చెల్లదు. పైగా డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, షుగరు.

"నా మూలంగా ఎన్ని ప్రాణాలు పోయాయో తేలితేగాని నేను పచ్చి మంచినీళ్లు ముట్టను," అన్నారు.

రిటైరయ్యాక నేను, మా ఆవిడ నూజివీడులో అత్తగారింటి పైవాటాలో ఉంటున్నాం. కింద అత్తగారు, బావమరిది కుటుంబం. అతను మామిడి వ్యాపారి, రెడ్డిగూడెం వైపు తోటలు కాపుకి తీసుకుంటాడు. పురుగుల గురించి అతనికి తెలిసిందంతా వాటిని చంపడం గురించే. మొన్న మే నెలలో ఒక రసాల మామిడికొమ్మ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నురగ ఎండి గట్టిపడినట్టు దానికో గూడు అంటుకుని ఉంది. "మీరు ఖాళీగానే ఉన్నారుగా బావగారూ, ఏం పుడతాయో చూడండి," అన్నాడు. వారం తిరక్కుండా చీమలంతేసి పిల్లలు నలభై దాకా పుట్టాయి. చాలావాటిని పెరట్లో వదిలేసి పద్నాలుగు ఉంచుకున్నాను.

వాటికి కదలనిది తిండి కాదు. చచ్చిన ఈగని ముందు పెడితే దాని మీంచి నడిచిపోతాయి. బతికున్నది కనబడితే తల తిప్పి కాసేపు చూస్తాయి, గాలికి ఆకు ఊగినట్టు ఊగుతాయి, చటుక్కున పట్టుకుని మెడ దగ్గర మొదలుపెడతాయి. రెక్కలు వదిలేస్తాయి. తిన్నాక కాళ్లూ మూతీ శుభ్రం చేసుకుంటాయి. ఈ చివరి పని ఒక్కటే మా అత్తగారికి నచ్చింది.

ఆ ఇంట్లో ఉల్లిపాయ కూడా వీధి గుమ్మం దాటి లోపలికి రాదు. అలాంటి చోట మాంసాహారుల్ని పెంచడానికి అనుమతి ఊరికే రాలేదు. రెండు రోజులు ఆలోచించి ఆవిడ తీర్పు చెప్పారు: "మీరు ఈగని పట్టి వేస్తే మీరు చంపినట్టే. అదే వస్తే దాని రాత." దాంతో మూతకి చిల్లు పెట్టి, మొన లోపలికి ఉండేలా కాగితం గరాటు అమర్చాను. రోజూ పొద్దున్నే మాగిన రసం పండు తిని, టెంక ఆవిడే తన చేత్తో డబ్బాలో వేసేవారు. పండు మీద ముసిరే సన్న ఈగలు వాసనకి గరాటులోంచి దిగేవి, మళ్లీ పైకి దారి తెలిసేది కాదు. అత్తగారి దృష్టిలో ఆవిడ ఈగలకి అన్నం పెడుతున్నారు. ఆ తరవాతది ఈగలకీ గొల్లభామలకీ మధ్య వ్యవహారం.

మర్నాడు ఏకాదశి అని దశమి సాయంత్రం టెంక తీసేశారు. "ఇంట్లో ఉన్నాక ఇంటి పద్ధతి ఉండాలి. ఒక్కరోజుకి చావవులెండి," అన్నారు. నేనూ అడ్డు చెప్పలేదు. ఆ వయసు పిల్లలు రెండు రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటాయని ఎక్కడో చదివాను. విడివిడిగా ఉంచితేనే, అని ఆ వాక్యం చివర ఉందట. వార్తని కింద నుంచి కత్తిరించడం అలవాటైనవాణ్ణి, చివరిదాకా చదవలేదు.

ఏడున్నరకి బావమరిది మామిడి మార్కెట్ యార్డు నుంచి వచ్చాడు. "అమ్మా, నువ్వు తీసింది మామిడి టెంకేగా. అది వాటి తిండే కాదు."

"రోజూ వేసినప్పుడు పుణ్యం నాదే అనుకున్నానురా. తీసినప్పుడు పాపం ఇంకొకళ్లదంటే ఎట్లా?"

అతను పంతులుగారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"పురుగులా? బియ్యంలోవా అండీ?"

"కాదండీ, పెంచుకునేవి."

"అమ్మగారు వాటినేమన్నా తొక్కారా?"

"ఉపవాసం ఉంచారండీ."

"పురుగుల్నా?"

చివరికి ఆయన, ముందు తీర్థం పుచ్చుకోమని, పోయిన ప్రాణాలెన్నో చెబితే దాన్నిబట్టి ప్రాయశ్చిత్తం చెబుతానని అన్నారు. అత్తగారు ఆ రెండో మాట పట్టుకున్నారు.

"ఎనిమిది," అన్నాను.

"తలకాయలు మూడేగా కనపడ్డాయి," అన్నాడు బావమరిది. "మిగతా ఐదూ గరాటులోంచి పైకి పోయుండచ్చుగా బావగారూ? చూడకుండా వార్త ఎట్లా రాస్తారు?"

అతనన్నది న్యాయమే. అత్తగారి ముఖంలో మొదటిసారి కాస్త తేటదనం కనబడింది. "అయితే వెతకండి," అన్నారు.

వెతికాం. మా ఆవిడ డబ్బా ఉన్న కిటికీ, కర్టెన్లు చూసింది. బావమరిది సెల్‌ఫోన్ లైటు వేసి గడ్డిలో మాగేసిన బంగినపల్లి కాయలు ఒక్కొక్కటే తీసి చూశాడు. కాయలు దింపడానికి వచ్చిన ఇద్దరు కూలీలు, పురుగు దొరికితే చంపకుండా పట్టుకురావాలని తెలిసి, ముఖముఖాలు చూసుకున్నారు. "నిన్నటిదాకా మందు కొట్టించారుగదండీ," అన్నాడొకతను. అతను తెచ్చింది చీమ. రెండోసారి తెచ్చిందీ చీమే.

తొమ్మిది దాటాక మా ఆవిడ వాళ్లమ్మ ముందు నిలబడి, "నువ్వు పడిపోతే ఆ పాపం ఎవరిది?" అంది. ఆవిడ తీర్థం తాగారు, రెండు ముద్దలు పెరుగన్నం తిన్నారు, మాత్ర వేసుకున్నారు. ఆ సాయంత్రమే ఆరింటినీ ఆరు ఊరగాయ సీసాల్లోకి మార్పించారు.

పంతులుగారు ఆ తరవాత రెండుసార్లు ఫోన్ చేసి ఎన్నని అడిగారు. మూడుకి తక్కువ కాదు, ఎనిమిదికి ఎక్కువ కాదు అని చెప్పాను. అట్లా కుదరదండీ, ఒక సంఖ్య చెప్పండి అన్నారు. ఆ ఐదింటి సంగతి ఇంతవరకూ తేలలేదు.