ఆశ ఎత్తిన అట్ట

ఇంజనీరింగ్ కాలేజీలో విద్యుదయస్కాంత శాస్త్రం చెప్పే కోదండరాం, పిల్లలు సొంతంగా ఆలోచించాలని ఏ, బీ, సీ అట్టలు పంచాడు. ప్రశ్న, దానికి మూడు జవాబులు అతను చదవగానే పక్కవాళ్లతో వాదించుకుని, జవాబు అట్ట ఎత్తాలి.

అయస్కాంతం తీగచుట్టలోకి దూరితే కరెంటు ఎటు పారుతుందని అడిగాడు. ఎవరూ వాదించుకోలేదు. ముందు బెంచీలో ఆశ ఏది ఎత్తితే అందరూ అదే ఎత్తారు. రోజూ ఇదే తంతు. ఒక్క పిల్లయినా ఆలోచిస్తోంది కదా అని సరిపెట్టుకున్నాడు.

పరీక్షలో ఆశ కూడా తప్పింది. చెన్నై వాషర్‌మెన్‌పేట్ తెలుగు పిల్ల కాబట్టి తెలుగులోనే అడిగాడు.

"క్లాసులో అన్నీ కరెక్టుగా చెప్తివే, ఏమైందమ్మా?"

"కరెక్టు ఆన్సర్ చదివేటప్పుడు మీరు ఆడ కొంచెం నిలుస్తారు సార్. అది చూసి ఎత్తతా ఉంటి, అంతే."

మర్నాడు జవాబులన్నీ ఎక్కడా ఆగకుండా ఒకే గొంతుతో చదివాడు. ఆశ అట్ట ఎత్తలేదు. తప్పో ఒప్పో ఎవరైనా ఎత్తుతారేమోనని బెల్లు మోగేదాకా చూశాడు. ఎవరూ ఎత్తలేదు.