రేకుల పెట్టెలో నేనున్నాను

నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతి గురించి అడుగుతూ మా సైన్సు అయ్యవారికి మూడు ఉత్తరాలు రాశాను. రిటైరయ్యాక ఆయన కుప్పంలో ఉంటున్నారని తెలిసి, చిరునామా కనుక్కుని మరీ రాశాను. మూడోది రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు సంతకం పెట్టిన కార్డు తిరిగొచ్చింది. జవాబు మాత్రం రాలేదు. ఆ సంతకం ఆయనదే. ప్రోగ్రెసు కార్డుల మీద ఐదేళ్ళపాటు చూసిన సంతకం, పోల్చుకోలేనా?

అన్నీ మనసులో పెట్టుకుంటానని మా ఇంట్లో అంటారు. పెట్టుకుంటాను. పోయినేడు పుంగనూరులో మా బడి వాళ్ళు పాత విద్యార్థుల కోసం ఒక సంచిక వేశారు. నడిమి పేజీలో ఒక పాత ఫొటో ఉంది. ఎర్ర కళ్ళున్న పెద్ద రేకుల పెట్టె, దాని పక్కన చెయ్యి ఆనించి నిలబడిన మా అయ్యవారు. మదనపల్లె విజ్ఞాన పండగలో మొదటి బహుమతి పొందిన మాట్లాడే యంత్రం, దాన్ని తయారుచేసిన ఉపాధ్యాయుడు అని కింద రాశారు. ఆ ఫొటోలో నేనూ ఉన్నాను. కనబడను, అంతే. పెట్టె లోపల ఉన్నాను.

అప్పుడు నేను ఆరో తరగతి. డెబ్బైల చివరి రోజులు. మదనపల్లెలో ఒక బడి మైదానంలో మూడు రోజులు విజ్ఞాన పండగ జరుగుతుందని, చుట్టుపక్కల బడులన్నీ ఏదో ఒకటి చేసి తీసుకురావాలని కబురొచ్చింది. మా అయ్యవారు టేపురికార్డరుతో మాట్లాడే యంత్రం చేద్దామనుకున్నారు. అరువు తెచ్చిన టేపురికార్డరు వారం ముందు పాడైపోయింది. బడి పేరేమో అప్పటికే పంపేశారు. ఒకరోజు సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక నన్ను ఆపి, ఇరవయ్యో ఎక్కం దాకా ఒప్పజెప్పమన్నారు. తడబడకుండా చెప్పాను. రాష్ట్రాల రాజధానులు అడిగారు, చెప్పాను. తర్వాత నన్ను గొంతుక్కూర్చోమని, తల నుంచి నేల దాకా చూశారు. క్లాసులో అందరికన్నా తెలివైనవాణ్ణని నన్ను ఎంచుకున్నారని చాలా రోజులు అనుకున్నాను. అందరికన్నా చిన్నగా ఉన్నానని ఎంచుకున్నారు.

పెట్టె చేసింది మా పక్కింటి రేకుల తాత. నూనె డబ్బాలు విప్పి, సాపు చేసి, గరాటాలు, చిమ్నీ దీపాలు, ఎలుకల బోనులు చేసి సంతలో అమ్మే సాయిబు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు. అయ్యవారు నన్ను వెంటబెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళి, లోపల బ్యాటరీలు, వైర్లు ఉంటాయని, ఈ పిల్లవాడు కూర్చుంటే ఎంత ఎత్తవుతాడో అంత ఎత్తు కావాలని చెప్పారు. ఎక్కడా సందు కనబడకూడదన్నారు. తాత కొలత తాడుతో నా తలా మోకాళ్ళూ కొలిచాడు. మధ్యలో ఒకసారి నా ముఖం చూశాడు, తర్వాత అయ్యవారి ముఖం చూశాడు.

"బ్యాటరీకి మోకాళ్ళుంటాయా సారూ?" అని మాత్రం అడిగాడు.

అయ్యవారు నవ్వారు. తాత నవ్వలేదు.

పండగ రోజు పొద్దున్నే పెట్టెను బస్సు మీద కట్టి తీసుకెళ్ళారు. సొంతంగా చేసిన వస్తువును జనం మధ్య చూసుకోవాలని తాత కూడా మాతో బస్సెక్కాడు. మైదానం నిండా షామియానాలు. ఒకచోట చిన్నపిల్లలు వరుస కట్టి భూతద్దంలో ఉల్లిపొర చూస్తున్నారు. ఇంకోచోట పొగ రాని పొయ్యి మీద ఒకామె రాగిసంకటి కెలుకుతుంటే ఆడవాళ్ళు చుట్టూ చేరి, పొగ ఏ దోవన పోతోందో తెలుసుకోవాలని పొయ్యి వెనక్కి తిరిగి చూస్తున్నారు. రైతులు గుడ్డల్లో మట్టి మూటగట్టి తెచ్చి పరీక్ష చేయించుకుంటున్నారు. ముసలివాళ్ళకు ఒక పందెం పెట్టారు. గుమ్మడికాయను చేతబట్టి బరువెంతో చెప్పాలి, తర్వాత తక్కెడలో వేసి చూస్తారు. ఇదంతా నేను నడిచి వస్తూ చూసింది. మిగిలిన పండగ చూసే రాత నాకు లేదు.

మా పెట్టెను ఒక గుడ్డ తెరకు ఆనించి పెట్టారు. తలుపు వెనకవైపు, తెరకేసి ఉంది. లోపల మడిచిన గోనెపట్ట వేసి నన్ను కూర్చోబెట్టారు. ముందున్న జాలీలోంచి సన్నగా బయటి కాళ్ళు కనబడేవి. నోటి దగ్గర ఒక గరాటా. అందులో మాట్లాడితే గొంతు రేకు మోగినట్టు వచ్చేది. స్విచ్చి నొక్కితే కళ్ళుగా పెట్టిన రెండు ఎర్ర బల్బులు వెలిగేవి. ఒక్క గంట ఓర్చుకో, తర్వాత పండగంతా తిరిగి చూడొచ్చు అన్నారు అయ్యవారు. లోపల మనిషి ఉన్నాడని తెలిస్తే మన బడి పరువు పోతుంది, చచ్చినా నోరు విప్పకూడదు అని ఒట్టు వేయించుకున్నారు. ఒట్టంటే మా ఊరి పిల్లలకు చిన్న విషయం కాదు.

మొదట్లో సంతోషంగానే ఉండింది, అబద్ధం చెప్పను. పదిహేడు పద్దెనిమిదులెంత అని ఎవరో అడిగితే మూడు వందల ఆరు అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. పెద్ద అధికారి వచ్చి రెండు ప్రశ్నలడిగి, పెట్టె నెత్తిన తట్టి మెచ్చుకున్నారు. ఫొటో తీసింది అప్పుడే. ఆ తర్వాత పిల్లలు తెర వెనక దూరి తలుపు లాగుతున్నారని అయ్యవారు తాళం వేశారు. తాళం పడిన చప్పుడు లోపల ఎలా వినబడుతుందో బయట వేసేవాళ్ళకు తెలియదు. అధికారి, మీరూ మాతో రండి, భోజనం హార్స్లీ హిల్స్‌లో అనడం, జీపు కదలడం రెండూ విన్నాను. తాళంచెవి ఆయన జేబులోనే ఉండిపోయింది. హార్స్లీ హిల్స్‌కు పోయి, తిని, కొండ దిగి రావాలంటే ఎంతసేపు పడుతుందో రాజధానులన్నీ తెలిసిన నాకు తెలియదు.

పెట్టె దగ్గర కాపలాకు పదో తరగతి అన్న ఒకడున్నాడు. అయ్యవారు ఎప్పుడొస్తారని గరాటాలోంచి గుసగుసగా అడిగితే, ఓర్చుకోరా, పరువు తీయకు అన్నాడు. ఎండ తిరిగింది. షామియానా నీడ పక్కకు జరిగిపోయింది. రేకు కాలడం మొదలుపెట్టింది. వీపు ఆనిస్తే వీపు, మోకాలు తగిలితే మోకాలు చురుక్కుమనేది. కాళ్ళు చాపుకోను చోటు లేదు. బయట జనం తగ్గకపోగా పెరిగారు. వాళ్ళు ఎక్కాలడగడం మానేశారు. అన్నీ తెలిసిన యంత్రమని పేరు పడింది కదా, వాన ఎప్పుడొస్తుందని ఒకరడిగారు. కొడుక్కు పెళ్ళి కుదురుతుందా అని ఇంకొకరు. మూఢనమ్మకాలు పోగొట్టడానికి పెట్టిన పండగలో, సోది చెప్పేదాని ముందు కూర్చున్నట్టు నా ముందు కూర్చున్నారు.

రామసముద్రం పక్కనుంచి వచ్చిన ఒక ముసలావిడ పెట్టెకు దణ్ణం పెట్టింది. జాలీలోంచి ఆమె జోడించిన చేతులే కనబడ్డాయి. "మా పొట్టి ఆవు తప్పిపోయి నాలుగు దినాలాయ. యాడుండాదో సెప్పు సామీ" అంది. తెలియదు అంటే అయిపోయేది. కానీ యంత్రం తెలియదు అనకూడదని అయ్యవారు నేర్పారు. తూర్పు దిక్కు అన్నాను. ఆమె మూడుసార్లు దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. తూర్పున ఎంతదూరం నడిచిందో, ఆవు దొరికిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఇతరులు నాకు చేసిన అన్యాయాలు లెక్కగా చెబుతానని పేరున్నవాణ్ణి. ఇది నేను చేసింది.

తర్వాత నాకు జరిగింది చెప్పడానికి ఈ వయసులో కూడా సిగ్గుగా ఉంది. పొద్దున్నించి ఆపుకున్నది ఆగలేదు. గోనెపట్ట తడిసింది. ఏడుపొచ్చింది. గరాటా నోటికి అడ్డంగా అరచెయ్యి పెట్టుకుని ఏడ్చాను, జనానికి వినబడకూడదని.

అప్పుడు రేకుల తాత వచ్చాడు. గుమ్మడికాయ పందెంలో ఓడిపోయి వచ్చినట్టున్నాడు, తక్కెడే తప్పని ఎవరితోనో వాదిస్తూ వచ్చాడు. పెట్టె ముందు గొంతుక్కూర్చుని, మిషనూ, సీసం ముందు కరుగుతాదా, ఇత్తడా అని అడిగాడు. సీసం అన్నాను. ఆ ఒక్క మాటలో నా ఏడుపు గొంతు విని ఆయనకు అంతా తెలిసిపోయింది. లేచి జనంతో చెప్పాడు.

"మాట్లాడి మాట్లాడి మిషను గొంతు ఆరిపోయిండాది. దీన్ని చేసింది నేనే. కొంచేపు దాన్ని ఇడిసిపెట్టండప్పా."

జనం నవ్వుతూ పక్కకు పోయారు, కాపలా అన్న కూడా వాళ్ళ వెంటే పోయాడు. ఆయన తెర వెనక్కి వచ్చాడు. పెట్టె వెనక, అడుగున, నా నడుము దగ్గర నుంచి సన్నటి వెలుగులు పడుతున్నాయని పొద్దున్నించీ చూస్తూనే ఉన్నాను. అవేమిటో ఆలోచించలేదు. అవి బెజ్జాలు. సందు ఉండకూడదని అయ్యవారు చెప్పినా, తెర చాటున కనబడని చోట తాత వరుసగా కొట్టిన బెజ్జాలు. వాటిలో పెద్దదాంట్లోంచి ఒక బొప్పాయి ఆకు కాడ లోపలికొచ్చింది. పీల్చుకో బేటా అన్నాడు. బయట కొసన చెంబులో నీళ్ళు పెట్టి పట్టుకున్నాడు. అంత తియ్యటి నీళ్ళు నేను మళ్ళీ తాగలేదు.

తాళంచెవి కొండ మీద ఉంది తాతా అన్నాను. ఉండనీ అన్నాడు. కటకటమని చిన్న చప్పుడైంది. తాళం ఉన్నవైపు కాదు, కీళ్ళున్నవైపు నుంచి తలుపు తెరుచుకుంది. కీళ్ళలో దిగగొట్టాల్సిన మేకుల్ని ఆయన దిగగొట్టలేదు. పట్టకారుతో లాగితే వచ్చేటట్టు వదులుగా పెట్టాడు. పెట్టె చేసిన రోజునే నన్ను బయటికి తీసే దారి కూడా చేసి పెట్టాడన్నమాట. నేను బయటపడ్డాక మేకుల్లో ఒకటి మళ్ళీ గుచ్చి తలుపు నిలబెట్టాడు. తాళం వేసినది వేసినట్టే ఉంది.

కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోయాను. తాత నా నిక్కరు చూశాడు. భుజం మీది పచ్చగళ్ళ తువ్వాలు తీసి నా నడుముకు చుట్టాడు. నేను లోపలుంటానని నీకెట్లా తెలుసు తాతా అంటే, రెండో మేకు నా చేతిలో పెట్టి ఒక్కటే చెప్పాడు.

"ఎలకల బోనుకే గాలికి దోవ పెడతాను రా. నీకు పెట్టనా?"

సాయంత్రానికి అయ్యవారు వచ్చారు. అధికారి అందరి ముందూ యంత్రాన్ని ఒక ప్రశ్న అడిగారు. పలకలేదు. బ్యాటరీ అయిపోయినట్టుంది సార్ అన్నారు అయ్యవారు. పొద్దున విన్నాం కదా అని మొదటి బహుమతి ఇచ్చేశారు. నేను తాత పక్కన, బొరుగుల పొట్లం పట్టుకుని తెర చివర, అయ్యవారి కంటపడకుండా నిలబడి ఉన్నాను. చప్పట్లు అయ్యాక అయ్యవారు తెర వెనక్కి వచ్చి తాళం తీశారు. లోపలికి చూశారు. తర్వాత తలుపు మూసి మళ్ళీ తాళం వేశారు.

తిరుగు బస్సులో ఆయన నా ముందు సీటులోనే కూర్చున్నారు. ఎక్కేటప్పుడు నన్ను చూశారు, నా నడుముకున్న తువ్వాలు చూశారు. పుంగనూరు దాకా వెనక్కి తిరగలేదు. మరుసటి రోజు క్లాసులో పదిహేడో ఎక్కం నా పక్కవాణ్ణి అడిగారు. ఆ తర్వాత ఐదేళ్ళలో నన్ను ఏ ఎక్కమూ అడగలేదు. ఇంట్లో చెబితే, అయివారు ఏం చేసినా నీ మంచికే అన్నాడు మా నాయన.

రేకుల తాత పోయి చాలా ఏళ్ళయింది. ఆ మేకు నా దగ్గర ఉంది, తుప్పు పట్టనివ్వలేదు. ఆ రోజు నుంచి నాకు కొన్ని అలవాట్లయ్యాయి. ఏ గదిలోకి వెళ్ళినా ముందు కిటికీ ఎక్కడుందో చూస్తాను. నా కింద పనిచేసినవాళ్ళకు ఏ పని చెప్పినా, చేయలేనని చెప్పుకునే దారి ముందే వదిలిపెట్టేవాణ్ణి. ఎవరేమడిగినా జవాబు చెబుతాను. తెలియకపోతే తెలియదంటాను, ఆ ముసలావిడ చేతులు గుర్తొచ్చి.

అయ్యవారూ, సంచికలో నా పేరు వేయమని అడగడం లేదు. ఆ బహుమతి మీరే ఉంచుకోండి. తాళం వేసి కొండెక్కడం కూడా, అధికారి పిలిచాడు, సంతోషంలో మరిచిపోయారు అనుకుంటాను. అది క్షమించడానికి ప్రయత్నించాను, కొంతవరకు అయింది. కానీ సాయంత్రం తాళం తీసి చూసినప్పుడు లోపల నేను లేను. తడిసిన గోనెపట్ట ఉంది. తాళం వేసిన పెట్టెలోంచి పదకొండేళ్ళ పిల్లవాడు మాయమైతే, వాడెక్కడని ఎవరినీ అడగకుండా, ఖాళీ పెట్టెకు మళ్ళీ తాళం ఎందుకు వేశారు? ఆ రోజు మీ పెట్టెలో కూర్చుని ఎవరేమడిగినా నేను జవాబు చెప్పాను. నేను అడిగేది ఇదొక్కటే. చెప్పండి.